జలగకి ఆ పేరెలా వచ్చింది

బస్టాండు వెనక సందులో ఆమె దుకాణం తెరిచిన రోజున బేరాల కన్నా పలకరింపులే ఎక్కువ వచ్చాయి. దుకాణమంటే పెద్దదేమీ కాదు. రెండు గోడల మధ్య ఇరుక్కున్న గది, ముందొక షట్టరు, లోపలొక కుట్టు మిషను, మేకులకు వేలాడే జిప్పులు, పట్టీలు, బకిళ్ళు. తెగిన చేతిపట్టీ కానీ, ఊడిన చక్రం కానీ, నోరు తెరుచుకుని మొరాయించే జిప్పు కానీ, ప్రయాణికుడి బస్సు కదిలేలోపు బాగుచేసి చేతికిస్తుంది. ఆమె దబ్బనం పట్టిందంటే ఎంత దళసరి రెక్సినైనా దారి ఇవ్వాల్సిందే. మధ్యాహ్నం కాకముందే సందు ఆమెకు 'సంచులక్క' అని పేరు ఖాయం చేసేసింది. ఆ సందులో అసలు పేర్లతో ఎవరికీ పనిలేదు. పక్కన గుండీలూ దారాలూ అమ్మే ఆవిడ గుండీల పిన్ని. ఎదురుగా తాళాలు బాగుచేసే పెద్దాయన తాళాల తాత. మూల మీద టీ కాచేవాడు అందరికన్నా వయసులో చిన్న, అయినా టీ బాబాయే.

గుండీల పిన్ని మనసున్న మనిషి. కొత్తగా వచ్చింది కదా అని తన ఎత్తుపీట ఒకటి తెచ్చిచ్చింది. ఇచ్చాక వెంటనే వెళ్ళకుండా గుమ్మంలోనే తచ్చాడి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

"శుక్రవారం నాటికి చేతిలో కాస్త ఉంచుకో తల్లీ. జలగ వస్తాడు."

సంచులక్క నవ్వింది. ఈ చుట్టుపక్కల చెరువా, కాలవా, జలగ ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడిగింది.

"వస్తుంది కాదు. వస్తాడు," అంది పిన్ని.

అప్పుడు తలా ఒక మాట వేసి చెప్పారు. ఈ సందులో షట్టరు ఎత్తిన ప్రతివాళ్ళూ వాడికి మామూలు ఇవ్వాలి. అడిగి పుచ్చుకునేదానికి మామూలు అని పేరేమిటో, అందులో మామూలేముందో ఎవరికీ తెలియదు. ఇవ్వకపోతే వాడేమీ కొట్టడు, తిట్టడు. "సరే, నీ ఇష్టం" అని వెళ్ళిపోతాడు. తర్వాత ఏదో ఒక పొద్దున వచ్చి చూసుకుంటే తాళం కన్నంలో బంక గట్టిపడి ఉంటుంది. లేదా దుకాణం ముందు నాలుగు తోపుడుబళ్ళు అడ్డంగా నిలబడి ఉంటాయి, ఎవరివని అడిగితే పలికేవాడు ఉండడు. ఏళ్ళ తరబడి ఇదే వరస కావడంతో జలగ అన్న మాట సందులో బాగా వాడుకలోకి వచ్చేసింది. శుక్రవారానికి జలగవారం అని పేరు. ఎవడైనా కూరలవాడు బలవంతంగా పుచ్చిపోయిన కాయ అంటగడితే అది జలగతనం. పిల్లలు పెన్సిలు లాక్కుని ఇవ్వకపోతే 'వీడు జలగ పనిచేశాడు' అని తల్లికి చాడీ.

ఆ పేరు ఎందుకు వచ్చిందన్న దాని మీద మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో కథ. కూలిపని చేసే రోజుల్లో వాడు ఒక హమాలీ చెయ్యి కరిచిపట్టుకున్నాడనీ, ముగ్గురు కలిసి లాగినా వదల్లేదనీ, అందుకే ఆ పేరనీ తాళాల తాత చెప్పాడు. వానలు ముంచెత్తిన ఏడు మోరీలోంచి బురదతో పైకొచ్చాడట, అందుకే అన్నారని పిన్ని విన్నది. టీ బాబాయ్‌కి ఇంత దూరం ఆలోచించే ఓపిక లేదు. నెత్తురు తాగేదాన్ని జలగ అనక ఇంకేమంటారక్కా అన్నాడు.

అందరితోపాటు సంచులక్క కూడా నవ్వింది కానీ, ఆమె చేతిలో దబ్బనం మాత్రం దిగినచోటే ఆగిపోయింది.

జలగ అని ఆమె కూడా ఒకణ్ణి పిలిచేది. తన తమ్ముణ్ణి.

తల్లి పోయేనాటికి వాడు ఇంకా మాటలు కూడబలుక్కుంటున్నాడు, ఆమె పెద్దపిల్ల. మేనత్త ఇంటికి చేర్చారు ఇద్దరినీ. మేనత్త చెడ్డది కాదు గానీ ఆవిడకి ఇల్లు నిండా పని, ఆ పనిలో సగం ఈ పిల్ల మీద పడింది. అంట్లు తోమినా, నీళ్ళు మోసినా, పెరడు ఊడ్చినా వాడు అక్క కాలిని చుట్టుకునే ఉండేవాడు. రెండు చేతులూ రెండు కాళ్ళూ మెలేసి పిక్కని పట్టుకుని కూర్చుంటే, ఆ కాలిని ఈడ్చుకుంటూనే ఆమె ఇల్లంతా తిరిగేది. ఒకనాడు పొలంగట్టు దిగి వచ్చేసరికి వాడి మడమకి జలగ పట్టి ఉంది. పిల్లవాడు ఏడవలేదు. వంగి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మేనత్త ఉప్పు తేవడానికి లోపలికి పోతే అక్కతో మెల్లిగా అన్నాడు, "పోనీలే అక్కా, ఉండనియ్యి. దానికీ అమ్మ లేదేమో."

ఆవేళ మొదలు ఆమె వాణ్ణి ముద్దుకి జలగా అంటూ వచ్చింది. ఇంకెవరూ అనేవారు కాదు. ఇద్దరి మధ్యే ఉన్న పిలుపు అది.

లోకంలో జలగలకి కొదవేముంది, ఇంకెవడో అయ్యుంటాడు అని ఆమె మనసుకి నచ్చజెప్పుకుంది. తమ్ముడు ఈ ఊళ్ళోనే ఉన్న మాట నిజమే. గోడౌన్ల దగ్గర కాపలా పని అని చెబుతూ వచ్చాడు ఇన్నాళ్ళూ. బస్సు డ్రైవరైన ఆమె భర్తకి ఈ డిపోకి బదిలీ అయినప్పుడు, సామాను దించడానికి వచ్చినవాడు, ఇల్లు సర్ది పెట్టినవాడు వాడే. దుకాణానికి చోటు చూస్తున్నానంటే, "బస్టాండు వైపు మాత్రం వద్దక్కా, ఒకటే దుమ్ము, గోల. నేను మంచి చోటు చూస్తా," అన్నాడు. ఈలోగా భర్తతో పనిచేసే కండక్టరు ఒకాయన ఈ గది చూపించాడు. అద్దె కుదిరింది. తీరా అంతా అయ్యాక చెబుదాం, సంతోషిస్తాడు అనుకుంది.

శుక్రవారం పొద్దున్నుంచే సందు గొంతు తగ్గించి మాట్లాడింది. కాస్త పొద్దెక్కాక మూల మలుపులో ముగ్గురు కనిపించారు. ఇద్దరు కుర్రవాళ్ళు వెనక, ముందొకడు. మడత చెదరని తెల్ల చొక్కా. నడిచేటప్పుడు ఎడమ భుజం కొంచెం కిందికి వాలుతోంది. ఏళ్ళ తరబడి ఆ భుజం మీద బస్తాలు మోసినవాడి నడక. మొహం కనిపించకముందే ఆ భుజాన్ని గుర్తుపట్టింది ఆమె.

వాడు గుండీల పిన్ని దగ్గర ఆగాడు. గోడ అవతల మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. ఈ వారం బేరాల్లేవని, మనవరాలికి జ్వరమని, వచ్చే వారం కలిపి ఇస్తానని పిన్ని అంటోంది. వాడి గొంతు ఎంతో నెమ్మదిగా ఉంది. అరవాల్సిన అవసరం ఏనాడో తీరిపోయినవాడి గొంతు అది.

"సరే పిన్నీ. నీ ఇష్టం."

ఆ తర్వాత రెండడుగులు వేసి కొత్త దుకాణం ముందుకొచ్చాడు. తల వంచి లోపలికి చూశాడు. ఒళ్ళో సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూశాడు.

"అక్కా," అన్నాడు.

ఆ ఒక్క పిలుపు సందంతా వింది.

ఆమె సూట్‌కేసు పక్కన పెట్టి, ఎండలో నిలబడక లోపలికి రమ్మంది. వాడు కుర్రవాళ్ళిద్దరినీ పొమ్మని సైగ చేశాడు గానీ గుమ్మం దాటలేదు. ఇక్కడెందుకు పెట్టావు, ఈ వైపు వద్దని చెప్పానుగా అని గొణిగాడు. ఎందుకు వద్దన్నావో ఇప్పుడు తెలిసింది అంది ఆమె. ఆదివారం ఇంటికొస్తానని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ వారం సందులో సగం దుకాణాలకి జలగవారం తప్పిపోయింది.

అందుకు ఎవరూ ఆమెకి కృతజ్ఞత చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. పొద్దుటిదాకా 'ఏమ్మా, తిన్నావా' అన్న తాళాల తాత సాయంత్రం 'వెళ్ళొస్తానండి' అన్నాడు. ఎవరో ఆమె దుకాణం ముందు ఊడ్చి నీళ్ళు చల్లారు. ఎప్పుడూ గుమ్మంలో కూర్చునే గుండీల పిన్ని కుర్చీని లోపలికి జరుపుకుంది. మర్నాడు టీ తాగి డబ్బులివ్వబోతే టీ బాబాయ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ దగ్గరా అక్కా? ఎంతమాట. వద్దులెండి."

ఆ మర్యాద వెనక ఏముందో అర్థం కావడానికి ఆమెకి క్షణం పట్టింది. టీ బాబాయ్ తనకి మామూలు ఇస్తున్నాడు. డబ్బులు బల్లమీద పెట్టి వచ్చేసింది, అవి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. భర్త డ్యూటీలో ఉన్నాడు. మామయ్య వచ్చాడంటే ఆమె కూతురికి పండగే. వాడు బత్తాయిలు తెచ్చి, ఒక్కొక్క తొన మీద తెల్ల పీచు కూడా లేకుండా ఒలిచి ఆ పిల్ల చేతిలో పెడుతూ కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆ పిల్లకి కళ్ళు మసకబారితే ఆపరేషన్ చేయించింది వాడే. ఇప్పుడు సూదిలోకి దారం ఎక్కించి అమ్మకి ఇవ్వగలుగుతోందంటే వాడి చలవే. ఆ డబ్బు ఏ సందులోంచి వచ్చిందో ఆమె అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేదు.

కూతుర్ని పక్కింటికి పంపి, ఆమె వాడి ఎదురుగా కూర్చుంది. ఎప్పణ్ణుంచి అని అడిగింది.

వాడు దాచలేదు. నేల చూస్తూ చెప్పుకొచ్చాడు. ఆమె పెళ్ళయి భర్తతో బస్సెక్కిన రోజు గుర్తుందా అన్నాడు. గుర్తు లేకేం. మీసాలొచ్చిన కుర్రాడు కిటికీ ఊచలు పట్టుకుని బస్సు వెంట పరుగెత్తాడు. వేగం అందుకుంటున్న కొద్దీ ఆమెకి ప్రాణం మీదికొచ్చింది. 'జలగా, వదలరా, పడిపోతావు, వదలు' అని కిటికీలోంచి గొంతు చించుకుని అరిచింది.

"ఇక్కడి స్టాండులో నాతో బస్తాలెత్తే హమాలీలందరూ విన్నారక్కా. మర్నాటి నుంచి నాకు అదే పేరు. బస్తా ఎత్తబోతే జలగా, అన్నం తినబోతే జలగా. ఒకడు మరీ మీదికొస్తే వాణ్ణి కొట్టాను. బాగానే తగిలింది. ఆ తర్వాత నుంచి అదే పేరు మెల్లిగా అనడం మొదలుపెట్టారు. నన్ను చూసి మనుషులు పక్కకి జరగడం అదే మొదటిసారి." ఆగి అన్నాడు, "పేరు నువ్వు పెట్టిందే కదా. నాకు పనికొచ్చింది."

ఆమె గ్లాసులో నీళ్ళు తాగి, ఇంక మానెయ్యరా అంది. వాడు నవ్వాడు. మానేసి ఏం చెయ్యాలి, ఈ వయసులో మళ్ళీ బస్తాలెత్తనా, నేను అడక్కపోతే అక్కడ ఇంకోడొచ్చి అడుగుతాడు, వాడు నాలాగా నెమ్మదిగా అడగడు అన్నాడు. ఇన్నేళ్ళుగా తనకి తాను చెప్పుకుని అరగదీసిన మాటలని వింటుంటేనే తెలుస్తోంది.

"గుండీల పిన్నిని ఏం చెయ్యొద్దు. ఆవిడ నాకు పీట ఇచ్చింది," అంది చివరికి.

"నేను చూసుకుంటాలే," అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి పిన్ని దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. షట్టరు దించే ఉంది. తాళం కన్నంలో బంక రాయిలా గట్టిపడింది. తాళాల తాత మోకాళ్ళ మీద కూర్చుని సన్నని ఇనపకమ్మితో గీకుతున్నాడు, కొయ్యడం తప్ప మార్గం లేదని తనలో తాను అనుకుంటున్నాడు. పిన్ని మెట్టు మీద కూర్చుని ఉంది, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఏడవడం లేదు. ఏడుపు కన్నా అదే చూడలేకపోయారు జనం.

టీ బాబాయ్ ఉక్రోషం పట్టలేకపోయాడు. మనవరాలికి జ్వరమని చెప్పిన ముసలిదాని తాళంలో బంక పోసినవాడు మనిషి పుటక పుట్టినవాడేనా అన్నాడు.

"అసలు వాడికి అమ్మంటూ ఉందా?"

అనేశాక వెనక్కి తిరిగి ఆమెని చూసి నాలిక కరుచుకున్నాడు. జనం తలలు దించుకున్నారు.

"లేదు," అంది సంచులక్క.

ఎందుకు మొదలుపెట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తెలియలేదు. వాడు చేసింది తప్పని ఆమెకి తెలుసు. పిన్ని ముఖం చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. అయినా వాడు బురదలోంచి పుట్టాడంటే మాత్రం ఆమె కడుపు ఒప్పుకోలేదు. జలగ అన్న పేరు పెట్టింది నేను అని చెప్పింది. అమ్మ పోయిన ఏడు అని చెప్పింది. కాలిని చుట్టుకుని కూర్చుంటే ఈడ్చుకుంటూ అంట్లు తోమిన సంగతి చెప్పింది. ఉరిమితే తన మెడ కింద తల దూర్చేవాడనీ, నిద్రలో కూడా జడ కొస గుప్పిట్లో పట్టుకునేవాడనీ, తెల్లారి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని తను లేవాల్సి వచ్చేదనీ చెప్పింది. మడమకి పట్టిన జలగ మాట చెప్పింది. బస్సు ఊచలు పట్టుకుని పరుగెత్తిన మాట చెప్పి ఆపేసింది.

తాత చేతిలో కమ్మి ఆగిపోయింది.

"కరవలేదన్నమాట ఎవర్నీ," అన్నాడు కాసేపటికి.

"లేదు తాతా. పళ్ళు కూడా సరిగ్గా రాలేదప్పటికి."

ఎవరో కిసుక్కున నవ్వారు. టీ బాబాయే. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయాడు. అది పక్కవాడికి అంటుకుంది. ఎగతాళి కాదది. ఏళ్ళుగా ఊపిరి బిగబట్టి ఉన్నవాళ్ళు ఒక్కసారి వదిలితే వచ్చే నవ్వు. గుండీల పిన్ని ఒక్కతే నవ్వలేదు. సంచులక్క కూడా నవ్వలేకపోయింది. తన నోటినుంచి ఏదో జారిపోయిందనీ, దాన్ని ఇక ఏరి తెచ్చుకోలేననీ ఆమెకి అప్పుడే అనిపించింది.

మళ్ళీ శుక్రవారం వచ్చేసరికి ఆ కథ సందులో చిన్నాపెద్దా అందరికీ నోటికి వచ్చేసింది. తమ్ముడు ఎప్పట్లాగే తెల్ల చొక్కాతో మలుపు తిరిగాడు. మొదటి దుకాణం టీ బాబాయ్‌ది. అన్నేళ్ళలో వాడి కళ్ళలోకి చూడని టీ బాబాయ్ ఆ రోజు తలెత్తి చూశాడు.

"రావయ్యా. అక్క కాలు వదిలిపెట్టి వచ్చావా?"

సందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నవ్వు పాకింది. వెనకున్న కుర్రవాళ్ళిద్దరికీ సంగతి తెలియదు, ఎవరో చెవిలో చెప్పారు. వాళ్ళు పెదవులు బిగించుకుని పక్కకి చూడ్డం అందరూ చూశారు. తమ్ముడి ముఖం ఎర్రబడి, అలాగే పాలిపోయింది. ఎవరిమీదికీ వెళ్ళలేదు. వరస తప్పకూడదన్నట్టుగా నడుచుకుంటూ గుండీల పిన్ని దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

పిన్ని లేచింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"నువ్వు అమ్మలేని పిల్లాడివని విన్నాను నాయనా. కడుపు తరుక్కుపోయింది. నీ అక్క చెప్పబట్టి ఏడ్చాను కూడా. కానీ తాళం కోయించింది నేను. రెండ్రోజులు దుకాణం మూసుకుని కూర్చుంది నేను. నీకేమీ ఇవ్వను. ఇంకెప్పుడూ ఇవ్వను."

"ఏమన్నావ్?" అన్నాడు వాడు. ఎన్నోసార్లు అన్న మాటే. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళ చేతులు సంచుల్లోకి వెళ్ళేవి. ఈసారి ఆ గొంతులో పాత నెమ్మది రాలేదు. సరిగా వినబడని మనిషి అడిగినట్టుగా వచ్చింది.

"ఇవ్వను అన్నాను," అంది పిన్ని.

వాడు తల తిప్పి అక్కని చూశాడు. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. ఆ చూపులో కోపం ఉంటే భరించేది. ఊచలు వదిలేశాక బస్సు వెళ్ళిపోతుంటే రోడ్డు మీద నిలబడిపోయిన కుర్రాడు ఎలా చూశాడో అలాగే చూశాడు. తిరిగి వెళ్ళిపోయాడు. కుర్రవాళ్ళు కాస్త దూరం వెనక నడిచి, మలుపు దగ్గర వేరే దారి పట్టారు.

సందులో ఆవేళ టీ బాబాయ్ అందరికీ ఉత్తినే టీ పోశాడు. సంచులక్క తాగలేదు.

ఆ తర్వాత వాడు సందుకి రాలేదు, ఇంటికీ రాలేదు. మామయ్య ఏడని కూతురు అడుగుతూనే ఉంది. వాడుండే గదికి వెళితే తాళం వేసి ఉంది. వానలు వచ్చి వెళ్ళాయి. సందు ఆమెని మళ్ళీ 'నువ్వు' అంటోంది, తాత 'తిన్నావా' అంటున్నాడు, పిన్ని కుర్చీ గుమ్మంలోకి తిరిగొచ్చింది. అందరికీ మేలే జరిగింది. ఆ మేలు చేసినందుకు జనం ఆమెని మెచ్చుకుంటుంటే, మంచి పని చేశానన్న తృప్తి ఎంత వెతుక్కున్నా ఆమెకి దొరకలేదు. వాడి బండారం బయటపెట్టాలని ఆమె అనుకోలేదు. వాడి తరఫున మాట్లాడబోయి, వాడి చిన్నతనాన్ని నలుగురి నోళ్ళలో పడేసింది.

ఒకరోజు భర్త డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, మీ తమ్ముణ్ణి చూశాను అన్నాడు. కొత్త డిపో పార్సిల్ ఆఫీసులో బస్తాలు ఎత్తుతున్నాడట. నన్ను చూసి బస్తా చాటుకి తప్పుకున్నాడు, నేనూ చూడనట్టే వచ్చేశాను అన్నాడు ఆ పెద్దమనిషి.

మర్నాడు మధ్యాహ్నం షట్టరు దించి, క్యారేజీలో అన్నం పెట్టుకుని వెళ్ళింది. పార్సిల్ ఆఫీసు వెనక అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, చొక్కా విప్పి భుజం మీద వేసుకుని. బాగా చిక్కాడు. ఆమె క్యారేజీ గిన్నెలు విప్పి పక్కన పెట్టింది. వాడు ముట్టుకోలేదు.

"అది మనిద్దరిదే కదక్కా. అందరికీ చెప్పేశావు."

"చెప్పాను," అంది. "అమ్మంటూ ఉందా అని అడిగారురా. ఊరుకోలేకపోయాను."

వాడు ఎదురుగా లారీలోంచి పెట్టెలు దింపుతున్నవాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. ఆమె క్షమించమని అడగలేదు. అడిగితే పిన్ని తాళం సంగతి కూడా మాఫీ అయిపోతుందేమో అనిపించింది ఆమెకి. ఆ మాటే అడిగింది. చూసుకుంటానన్నావు కదా, మరి బంక ఎందుకు పోయించావు అని.

"వద్దని కుర్రాళ్ళకి చెప్పడం మర్చిపోయా," అన్నాడు.

చెప్పాక వాడికే ఆ మాట వినబడినట్టుంది. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఒక మనిషి దుకాణం మూతబడటం తనకి మర్చిపోయేంత చిన్న సంగతి ఎప్పుడైందో వాడికి తెలిసినట్టు లేదు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడు తియ్యమని అనలేదు. కొంతసేపయ్యాక గిన్నె దగ్గరికి లాక్కుని తిన్నాడు. ఇంకొంచెం కూర ఉందా అని అడిగాడు కూడా.

ఆదివారాలు మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. మునుపటిలా పళ్ళు తేవడం లేదు, చేతులూపుకుంటూ వస్తున్నాడు. కూతురు అదేమీ పట్టించుకోలేదు. ఆమె మాత్రం వాణ్ణి ఏమని పిలవాలో తెలియక 'ఒరే' అనడంతో సరిపెట్టుకుంటోంది. మేనత్త ఇంట్లో ఒక్కరూ వాడి అసలు పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు కొత్తగా ఆ పేరు నోట్లోకి తెచ్చుకుంటే ఎవరో పరాయివాణ్ణి పిలిచినట్టుంటుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు వాడు సందులోకి రావాల్సి వచ్చింది. గుండీల పిన్నికి పార్సిల్ వచ్చింది, ఆ రోజు చేరవేసే వంతు వాడిది. పెట్టె ఎడమ భుజం మీద పెట్టుకుని, చూపు నేల మీద పెట్టుకుని నడుస్తున్నాడు. అదే వేళకి సందులో ఇంకో మనిషి ఉన్నాడు. కొత్తగా వచ్చినవాడు. కరెంటు మీటర్లు చూసే ఆఫీసులో ఉద్యోగమట. ప్రతి షట్టరు దగ్గరా ఆగి మీటరులో లేని లోపం చూపించి, ఏదో ఒకటి చూసి సర్దుకోమంటున్నాడు.

"జలగొచ్చాడు," అన్నాడు టీ బాబాయ్ గట్టిగా, తాతతో.

తమ్ముడు టక్కున ఆగిపోయాడు. పెట్టె కింద నుంచి తలెత్తి చూశాడు. ఒళ్ళంతా బిగుసుకుంది వాడికి. కానీ ఎవరూ వాణ్ణి చూడటం లేదు. టీ బాబాయ్ చూపూ, తాత చూపూ, గుమ్మాల్లో నిలబడ్డ అందరి చూపూ ఆ మీటర్లాయన మీదే ఉంది. మిషను ముందు నుంచి అక్క మాత్రం తమ్ముణ్ణి చూస్తోంది.

వాడు కాసేపు అలాగే నిలబడి, భుజం మీద పెట్టె సర్దుకుని, పిన్ని గుమ్మం దగ్గరికి నడిచాడు.

"పెట్టె ఎక్కడ దించమంటారు?" అని అడిగాడు.

పిన్ని వాడి మొహంలోకి చూడకుండా లోపల ఒక మూల చూపించింది. గుండీలు, పగిలిపోతాయి, మెల్లిగా దించు అంది. మెల్లిగానే దించాడు.